బిళ్లలో బుడగ

సికింద్రాబాదు, మెట్టుగూడ. నిజాం సర్కారు మీద పోలీసు చర్య జరిగిన మరుసటి నెల, ఒక మధ్యాహ్నం. పోత పోసిన రెసిన్ బిళ్లలకు మెరుగు పెట్టే ఇమాం వలి, అతని భార్య నూర్‌బీ ఇంటి వెనక వసారాలో పని ముందు కూర్చున్నారు.

"దీంట్ల సుత ఏం లేదు. తీస్కపోయి ఆ బుట్టల పడెయ్."

"జెర ఎలుగుకు పెట్టి సూడు. ఊకెనే లేదంటవేంది?"

"ఎలుగుకే పెట్టిన నూర్‌బీ. కిటికీ ఊచలు వంకర లేకుంట కనపడుతున్నయ్ దీని మీద. గంత నున్నగ అయినంక లోపల ఏమున్నా దాగుతదా? ఖాళీ. ఉట్టి రెసిన్ ముద్ద."

"ఇటియ్యి, నేను సూస్త."

"సూడు, సూడు. నలభై ఏండ్ల సంది మెరుగు పెడ్తున్న నా కండ్లకు కనపడంది నీకు కనపడితే చెప్పు. ఏమాయె?"

"లేదు."

"చెప్పిన కద."

"ఇంకా రెండున్నయ్ కద. వాట్లల్ల ఉంటది."

"పొద్దటి సంది గిదే మాట. ఇంకా ఉన్నయ్ కద, ఇంకా ఉన్నయ్ కద! నా చేతులు సూడు, నీళ్లల్ల నాని నాని ఎట్ల ముడుతలు పడ్డయో. ఆర్డరిచ్చిన సర్కారు దఫ్తరే లేకపాయె. ఇప్పిచ్చిన సాబు యాడికి పోయిండో తెల్వకపాయె. ఈ పేపర్‌వెయిట్లు ఎవని నెత్తిన పెట్టాలె?"

"నేను దఫ్తర్ కోసం చెయ్యమన్ననా? లాల్ చెప్పిండు కాబట్టి చెయ్యమంటున్న."

"లాల్ చెప్పిండు, లాల్ చెప్పిండు!"

"చెప్పిండు మరి. మిలిట్రీ లారీ ఎక్కేముందు నా చెవుల చెప్పిండు. 'అమ్మా, సుమిత్రత్త బులాకి బిళ్లల పెట్టి పోత పోసిన, పరేషాన్ కాకు' అని. మన కొడుకు ఈ ఇంట్ల ఆఖరుకు చెప్పిన మాట అదే."

"లారీ ఎక్కే పోరడు ఏమన్న చెప్తడు. తల్లి ఏడుస్తదని ఏదో ఒకటి అన్నడు."

"అబద్ధమా?"

"నేననలే."

"అన్నట్టే ఉన్నది నీ మాట. నెల సంది చెప్తున్న, ఈ బుట్ట ముంగటేస్కో, ఒక్కొక్కటి మెరుగు పెట్టి లోపల సూద్దాం అని. ముట్టినవా? నడుం నొప్పన్నవు, నూనె లేదన్నవు. గడబిడలప్పుడు పోయిన పక్కింటి సుమిత్రోళ్లు నిన్న బెజవాడ నుంచొచ్చి రైలు దిగినంక గద నువ్వు కూసున్నది, అది సుత నేను గొంతు చించుకుంటే."

"కూసున్న కద ఇప్పుడు? ఇంక లొల్లెందుకు?"

"ఆ గరుకు కాగితం తీసుకో. దీని పొర చింతపండు తొక్క లెక్క మందమున్నది."

"నాకు నేర్పకు."

"నేర్పుతలే. జల్ది చెయ్యమంటున్న. పొద్దుగూకేలోపల సుమిత్ర వస్తనన్నది. ఏం మొఖం పెట్టుకోని ఉట్టి చేతులు సూపెట్టాలె? వాళ్లమ్మ సచ్చేదాక ముక్కుకు పెట్టుకున్న బులాకి అది. రైల్ల సోదాలు చేసి గుంజుకుంటుండ్రని నా చేతుల పెట్టి పోయింది. 'నీ కాడుంటే మా అమ్మ కాడ ఉన్నట్టే వదినా' అన్నది. అన్నదా లేదా?"

"అన్నది."

"మరి?"

"మరేంది? నేనా పోగొట్టింది? డబ్బిల పెట్టినవు, బియ్యం గోనెల దాచినవు. ఆ దినం నేను తీసి సూస్తే డబ్బి ఖాళీ. యాడ పెట్టినవురా అంటే ఏమన్నడు నీ కొడుకు? 'నీకెందుకు బాబా' అన్నడు. నాకు! నా ఇంట్ల కూసోని, నా పోత అచ్చులు పట్టుకోని, నాకెందుకంట!"

"నీకు చెప్తే ఊరికి చెప్పినట్టే అని వానికి తెల్సు."

"ఏందీ?"

"హోటల్ల టీ నోట్లె పడితే నీ కడుపుల మాట నిలుస్తదా? అప్పుడు ఇంటింటికి సోదాలు. ఒకనాడు గీళ్లొస్తుండ్రి, ఒకనాడు గాళ్లొస్తుండ్రి. వాడు భయపడి రెసిన్‌ల ముంచి పోత పోసిండు. ఎవడన్న సూసినా బెల్లం గడ్డ లెక్క కనపడ్తదని. తెలివిగల్ల పోరడు."

"తెలివిగల్లోడైతే తండ్రికి చెప్తుండె."

"చెప్పలేదని గింత కోపమా? నెల సంది వాడు క్యాంపుల ముండ్ల తీగెల ఎనక కూసున్నడయ్యా. తింటున్నడో లేదో. నువ్వు ఇంకా ఆ ఒక్క మాటే పట్టుకున్నవు."

"కోపం లేదు."

"మరి గంత గట్టిగ ఎందుకు రాస్తున్నవు దాన్ని? పగిలిపోతది."

"పగిలితే మంచిదే. సుత్తె తెచ్చి రెండు దెబ్బలేస్తే తేలిపోతుండె పొద్దుగాల్నే."

"సుత్తేస్తే ముత్యం పిండైతదని నువ్వే గద అన్నవు?"

"అన్న. అన్న తియ్యి."

"వాడు బులాకిని రజాకార్లకు చందా ఇచ్చిండని సుత అన్నవు. అది యాదికున్నదా?"

"ఇచ్చిండేమో అన్న. ఇచ్చిండనలే."

"వాడు ఒక్కనాడన్న వాళ్ల జెండా పట్టిండా?"

"పట్టలే. కానీ వాళ్లతోని కూసోని టీ తాగిండు, నేను సూసిన."

"ఇరానీ హోటల్ల టీ తాగనోడెవడు మెట్టుగూడల? నువ్వు తాగలే? వాళ్ల పక్క కుర్సీల కూసోని ఉస్మానియా బిస్కిట్ ముంచుకోని తినలే?"

"నాది ముసలితనం. వానిది ఉడుకు రక్తం. ఆ వయసుల నాలుగు దినాలు లోపలుంటేనే బుద్ధొస్తది పోరగాండ్లకు."

"ఏమన్నవు?"

"ఏమనలే."

"నాలుగు దినాలు లోపలుంటే బుద్ధొస్తదా? కన్న కొడుకును గట్ల అంటవా? నీ నోట్లె మన్ను పడ!"

"ఊకె అంటరు గట్ల. లోకంల అందరు అంటరు. ఆ నీళ్లు పారబోయ్, మడ్డి అయినయ్."

"ఈ మాట నేను మర్సిపోను సూడు."

"ఇగో, దీని పొర పోయింది. తడిపి సూస్తున్న, నువ్వు సుత సూడు. ఏం లేదు. అడుగు దాక ఎర్రగ ఛాయ్ డికాషన్ లెక్క ఉన్నది. దీనికి మెరుగు సుత దండగ."

"నిజమే. ఏం లేదు."

"ఇంక లెవ్వు. అన్నం పెట్టు."

"ఆఖరుది ఉన్నది."

"నూర్‌బీ..."

"ఆఖరుది ఉన్నదన్న. పట్టుకో."

"దాంట్ల సుత లేకపోతే?"

"లేకపోతే నేను సుమిత్ర కాళ్ల మీద పడ్త. ఉంటే రేపు సుమిత్ర పెనిమిటి సదాశివన్న క్యాంపుకు పోతడు. గల్లీల పట్టుకపోయిన పోరగాండ్ల కోసం మాట చెప్పనీకి పోతుండంట. రైల్వేల గార్డు, ఆయన మాటకు ఇజ్జత్ ఉన్నది. మా లాల్ పేరు సుత చెప్పు అన్నా అని నిన్న బతిమాలిన. ఏమన్నడో తెల్సా?"

"ఏమన్నడు?"

"'చెల్లె, మా అత్త బులాకి అమ్ముకున్న పోరనికి నేను ఏమని మాట ఇయ్యాలె' అన్నడు. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండనిపిచ్చింది. అమ్ముకున్నడని ఆయనకెవరు చెప్పిండ్రు? సామాను ఇంట్ల దించకముందే ఎవరు చెప్పిండ్రు?"

"ఆ బిళ్ల ఇటియ్యి ముందుగాల."

"నిన్నే అడుగుతున్న."

"స్టేషన్ కాడ కల్సిండు. డబ్బి సంగతి అడిగిండు. ఖాళీగున్నది అన్న. ఉన్నదున్నట్టు చెప్పిన. అబద్ధం చెప్పాల్నా?"

"యా అల్లా! నువ్వేనా?"

"అమ్మిండని నేననలే. డబ్బి ఖాళీ అన్న, పోరడు మాట దాటేసిండు అన్న. మిగిలింది ఆయనే అనుకున్నడు."

"నీ నాలికె ఉన్నది సూడు..."

"ఇస్తవా ఇయ్యవా ఆ బిళ్ల? పొద్దు పోతున్నది."

"పట్టు. జెర మెల్లగ."

"ఊఁ."

"నేను నీళ్లు పోస్త. నువ్వు రాయి."

"ఊఁ."

"పొర ఊడుతున్నది. దీని రంగు మంచిగున్నది, తేనె లెక్క. ఇంక గరుకు సాలు, మెత్త కాగితం తీసుకో."

"తెల్సు."

"ఆగాగు. తడిమీద జెర పక్కకు తిప్పు. ఆడ! తెల్లగ ఏదో ఉన్నది!"

"యాడ?"

"ఆడనయ్యా, నీ బొటనేలు కింద. తెల్ల సుక్క. ఎందుకు తుడుస్తవు, తడి ఆరితే కనపడదు!"

"బుడగ అది. గాలి బుడగ. పోత పోసేటప్పుడు పడ్తది. నీ కొడుక్కు పోత ఇంకా సక్కగ రాదు."

"బుడగ తెల్లగుంటదా?"

"ఎలుగు పడితే తెల్లగనే ఉంటది. ఎన్ని సూసిన నేను!"

"నువ్వు ముందుగాల మెరుగు పెట్టు. బుడగో ముత్యమో ఊచలు కనపడ్డంక తేలుతది. నేను కండ్లు మూసుకోని కూసుంట. యా మౌలా, ఇది ముత్యం కావాలె."

"ఊఁ."

"ఎవడో ఏలు సూపిండంట ఆ దినం. 'ఆ ఇంట్ల పోరడు' అని. ఎదురింటి పుష్పమ్మకు సూసినోళ్లు చెప్పిండ్రంట. లేకపోతే గింత పెద్ద గల్లీల సీదా మన ఇంటికే ఎందుకొస్తరు? వాడు ఇంట్ల లేడని నేను మొత్తుకుంటున్న. ఉన్నడు, ఎనక వసారాల ఉన్నడు అని తెల్సినట్టే ఉరికొచ్చిండ్రు. ఏలు సూపినోని ఏలు కుళ్లిపోను. వాని చేతికి అన్నం ముద్ద అందకపోను."

"స్స్... అబ్బా!"

"ఏమైంది?"

"ఏం కాలే. కాగితం జారింది."

"రక్తమొస్తున్నది! సూపుడేలు తోలు లేసింది. ఇటియ్యి చెయ్యి. ఎన్ని ఏండ్ల పని, ఏలు కోసుకునుడేంది?"

"ఇడిసిపెట్టు, అదే పోతది."

"పోతదంట! ఉండు, పాత గుడ్డ సింపి కట్టు కడ్త. కదలకు. అన్నం తినలే పొద్దటి సంది, అందుకే చెయ్యి జారింది. సాలు, గట్టిగున్నదా?"

"ఊఁ."

"నీ మీద కోపమున్నది గని, నీ చేతుల మీద లేదు. ఈ చేతులే మనల్ని సాదినయ్."

"గట్ల అనకు నూర్‌బీ."

"ఏం అనొద్దు?"

"ఏం లేదు. నువ్వు పోయి పొయ్యి ముట్టియ్యి. నేను ఇది కానిచ్చి పిలుస్త."

"నేను యాడికి పోను. కానియ్యి. ... ఏయ్! ఏం చేస్తున్నవ్?"

"ఏం చేస్తున్న?"

"అది గరుకు కాగితం!"

"యాడ?"

"నీ చేతుల! మెత్త కాగితం అయినంక మళ్ల గరుకు కాగితం పెడ్తవా? గంటసేపు నున్నగ చేసిందంత గీతలు పడె! ఇటు సూడు, దీన్ని సత్తు గిన్నెల ముంచినవు. మెత్త కాగితం నీళ్లల్ల!"

"సూడలే. మసక మసకగున్నది కండ్లకు."

"సూడలేదా? ఈ ఇంట్ల గరుకు కాగితానికి మట్టి గురిగి, మెత్త కాగితానికి సత్తు గిన్నె. ఎవరు పెట్టిండ్రు ఈ కానూను? కాగితం మారిస్తే మోచేతుల దాక కడుక్కోవాలె, ఒక్క రేణువు ఉన్నా బిళ్ల పాడైతది అని నా పెండ్లయిన నాటి నుంచి నా పానం తీసిందెవరు? లాల్ సిన్నప్పుడు ఒక్కసారి గిన్నెలు మారిస్తే వాని ఈపు మీద కొట్టిందెవరు?"

"తప్పయింది. ఇంక ఒదిలెయ్."

"కాలే. తప్పు కాలే. నీ చెయ్యి నిద్రల సుత తప్పు చెయ్యదు. నువ్వు కావాలనే గీకినవు."

"నాకేం పుట్టింది కావాలని గీకనీకి?"

"అదే నేనడుగుతున్న! తెల్ల సుక్క కనపడంగనే తుడిసినవు. బుడగ అన్నవు. ఇప్పుడు గీతలు పెట్టి పొగ లెక్క చేసినవు. నీకు కనపడొద్దనే ఉన్నది. ఎందుకయ్యా? వాడు దొంగ కావాలెనా నీకు?"

"కనపడితే నేనేం చెయ్యాలె నూర్‌బీ?"

"ఏం చెయ్యాలెనా? సంతోషపడాలె! జరుగు. నేను రాస్త."

"నీకు రాదు."

"నలభై ఏండ్లు నీ పక్కన నీళ్లు పోసిన దాన్ని. నాకు రాదా? ఆ మెత్త కాగితం కొత్తది తీయి. నీళ్లు మార్చు. ఇదో, చేతులు కడుక్కున్న, మోచేతుల దాక, సూస్కో."

"గుండ్రంగ తిప్పకు. ఒక దిక్కు రాసి, అడ్డం తిప్పి మళ్ల రాయి. గరుకు గీతలు పొయ్యేదాక ఆ దిక్కే."

"ఇప్పుడు చెప్పొస్తున్నయా మాటలు?"

"...వేడి కానియ్యకు. వేడైతే మబ్బు పడ్తది లోపల. నీళ్లు పోసుకుంట రాయి."

"నువ్వే పొయ్ నీళ్లు."

"పోస్తున్న."

"సుద్ద?"

"ఇగో. కొబ్బరి నూనె రెండు సుక్కలు. నమ్దా ఉన్ని గుడ్డ మడిసి పట్టుకో, ఒత్తకు. గుడ్డనే పని చెయ్యాలె."

"సాలా?"

"ఇంక జెర. అంచు కాడ. ఊఁ. తుడువు."

"ఊచలు కనపడ్తున్నయ్."

"వంకర ఉన్నయా?"

"లేవు. సక్కగున్నయ్. ఇగో... లాల్ నాయినా! ఇగో! ముత్యం! దాని పక్కన బంగారం కొక్కెం! ఎర్ర రాయి సుత ఉన్నది! సూడు, సూడు, ఎటు సూస్తవు, ఇటు సూడు!"

"సూసిన."

"బుడగ అన్నవు! సూడు నీ బుడగను! నా కొడుకు దొంగ కాదు. నేను చెప్పలే? దొంగ కాదు నా బిడ్డ!"

"కాదు."

"గట్టిగ చెప్పు."

"దొంగ కాదు. ...ఎంత సక్కగ పోసిండు నూర్‌బీ. నడిమిట్ల నిలబెట్టిండు సూడు, అడుగుకు దిగలే, పక్కకు ఒరగలే. సగం పోసి, గట్టిపడనిచ్చి, దీన్ని పెట్టి, మళ్ల పోసిండు. చుట్టు ఒక్క బుడగ లేదు. నాకు సుత గింత మంచిగ రాదు."

"ఏడుస్తున్నవా?"

"కండ్లల్ల సుద్ద పడ్డది."

"ఏడువు. నెల సంది ఒక్క సుక్క రాల్చలే నువ్వు. నువ్వు రాయివి అనుకున్న."

"వదినా! ఓ నూర్‌బీ వదినా! ఉన్నరా ఇంట్ల?"

"సుమిత్ర! రా, రా లోపలికి! గిటు ఎనకకు రా! ఇగో పట్టు. మీ అమ్మ బులాకి. కిటికీ దిక్కు పెట్టి సూడు."

"ఇదేంది వదినా, బిళ్ల... అయ్యో! అమ్మదే! మా అమ్మదే! ఎర్ర రాయి, అంచు జెర ఇరిగి, అట్లనే ఉన్నది! దీని లోపలికెట్ల పోయింది?"

"నా లాల్ పోసిండు. సోదాలోళ్లకు దొరకొద్దని దాచిండు. తండ్రికి సుత చెప్పలే. మీ అన్న సాన పట్టి మెల్లగ బయటికి తీస్తడు, నీకు ముక్కుకు పెట్టుకునేటట్టు ఇస్తడు."

"తియ్యకు అన్నా, గిట్లనే ఉండనియ్యి. ఎంత మెరుస్తున్నది! నా మొఖం కనపడ్తున్నది దీంట్ల. వదినా, నన్ను మాఫ్ చెయ్యి. నిన్న మా ఆయన ఏదో అన్నడు..."

"అది ఇడిసిపెట్టు. రేపు సదాశివన్న క్యాంపుకు పోతడా? మా లాల్ పేరు చెప్తడా?"

"అదే చెప్దామని ఉరికొచ్చిన. రేపన్నోడు ఇయ్యాల పొద్దుగాలనే పోయొచ్చిండు. పోరగాండ్లను ఒక్కొక్కరిని ఇడుస్తుండ్రంట. మన లాల్ సంగతి సుత అడిగిండు, మనసాగక. వాని మీద వేరే ఏం లేదంట వదినా. ఈ గల్లీ మనిషి ఒకడు ఆ దినం 'ఈ పోరడు రజాకార్లతోని తిరుగుతడు, తీస్కపోండ్రి' అని చెప్పిండంట. గంతే."

"చెప్పలే? నేను చెప్పలే ఎవడో ఏలు సూపిండని?"

"ఆ మనిషే వచ్చి, నేను కోపంల తప్పు చెప్పిన అని ఒక్క మాట అంటే రేపే ఇడిసిపెడ్తరంట. మా ఆయన జామీను ఒక్కటే సాలదంట."

"ఎవడంట? పేరు చెప్పిండ్రా?"

"పేరు చెప్పరంట. ఎవరో మీకు తెల్సినోడే అయుంటడు."

"ఎవడైతేంది! ఇంటింటికి పోత. వాని కాళ్లు పట్టుకుంట, గడ్డం పట్టుకుంట. తిట్టిన తిట్లన్ని ఎనకకు తీసుకుంట. నా కొడుకొస్తే సాలు. లెవ్వయ్యా! చెప్పులేసుకో. గల్లీ మొదట్ల ఉన్న లూకా ఇంటి కాడి నుంచి షురూ చేద్దాం. పొద్దుగూకేలోపల గల్లీ అంత తిరగాలె. లెవ్వు! గట్ల కూసున్నవేంది?"

"నూర్‌బీ."

"ఏంది, మాటలెందుకు, లెవ్వు!"

"ఎవరింటికి పోకు. ఇందాక నువ్వు కట్టు కట్టినవు సూడు, ఆ ఏలే సూపింది."